సర్కారు ముద్ర లేని చదువు

కృష్ణా తీర చరిత్ర – 12వ భాగం

గత భాగంలో ఆనకట్ట కథ చెప్పుకున్నాం. 1852లో కెప్టెన్ చార్లెస్ ఆర్ చేతుల మీదుగా మొదలైన బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాంతో బందరు కాలువలో పడవలు తిరిగాయి. మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్నా, కాలువ పుణ్యమా అని డెల్టా మళ్లీ లేచి నిలబడింది. చివర్లో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఇన్ని కాలువలు, ఇన్ని లాకులు, ఇన్ని వంతెనలు వచ్చిన కృష్ణా జిల్లాలో, వాటిని గీసి కట్టించే విద్య మన పిల్లలకు నేర్పే బడి ఒక్కటైనా ఎందుకు లేదు? ఈ భాగం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

లాకు దగ్గర మనవాడు, బంగళాలో దొర

కాలువ గట్టున నిలబడి చూస్తే ఆనాటి కొలువుల నిచ్చెన మొత్తం కళ్లకు కట్టేది. లాకు తలుపులు తిప్పే లస్కరు మనవాడు. మట్టి పని చేయించే మేస్త్రీ మనవాడు. కాస్త పైన ఓవర్సీరు, ఆ పైన సూపర్వైజరు. అక్కడిదాకా మనవాళ్లు ఎక్కగలిగేవారు, అదీ కొద్దిమంది. ఆ పై మెట్ల మీద ఎక్కువగా దొరలే ఉండేవారు. హిందూ దేశపు పబ్లిక్ వర్క్స్ శాఖకు ఇంజనీర్లను తయారు చేయడానికే ఇంగ్లండులో కూపర్స్ హిల్ అనే చోట 1870లలో ఒక కాలేజీ పెట్టారు. అది 1906లో మూతపడేదాకా, మన కాలువల మీద అధికారం చేసేవారు లండను పొరుగున చదువుకుని ఓడెక్కి వచ్చేవారు.

మద్రాసు రాజధానిలో ఇంజనీరింగు చదువంటే గిండీయే. 1794లో సర్వే బడిగా పుట్టి, 1859లో సివిల్ ఇంజనీరింగు కాలేజీ అయింది. గంజాం నుంచి తిరునెల్వేలి దాకా ఉన్న అంత పెద్ద రాజధానికి అదొక్కటే దిక్కు. అక్కడ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేవి. అవి కూడా సర్కారుకు ఎంతమంది ఉద్యోగులు కావాలో అంతకే. దేశానికి ఎన్ని యంత్రాలు కావాలి, ఎన్ని కర్మాగారాలు కావాలి అన్న లెక్క అక్కడ ఎవరూ వేయలేదు.

అలాంటప్పుడు బందరు కుర్రాడు ఏం చదివేవాడు? ఊళ్లో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి పెరిగి నోబుల్ కాలేజీ అయింది. అందులో ఎఫ్.ఏ. గట్టెక్కితే మద్రాసు వెళ్లి బి.ఏ., తాహతు ఉంటే బి.ఎల్. తిరిగొచ్చి జిల్లా కోర్టులో ప్లీడరు. బందరు జిల్లా కేంద్రం కాబట్టి కోర్టులకు, కచేరీలకు కొదవ లేదు. నల్ల కోటు ఊరికి పెద్ద గౌరవం.

అదే ఊళ్లో రెండో లోకం ఒకటుంది. బందరు, పెడన పేటల్లో కలంకారీ అద్దకం వాళ్లకు ఏ రంగుకు ఏ చెక్క, ఏ బెరడు, ఎంతసేపు ఉడకాలి అన్నది తరతరాల లెక్క. ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లిన గుడ్డ అది. మాంచెస్టరు మిల్లు గుడ్డ వచ్చి వాళ్ల మగ్గాలనూ అచ్చులనూ మూలన పడేసింది. పని తెలిసినవాడికి పలక లేదు. పలక పట్టినవాడికి పని తెలియదు. ఈ రెండు లోకాలకూ మధ్య దారి వేయాలని కొందరు యువకులకు తట్టడమే ఈ భాగం కథ.

కలకత్తాలో రెండు సంఘాలు

ఆ ఆలోచన బందరుకు కలకత్తా మీదుగా వచ్చింది. 1905లో కర్జను వంగ రాష్ట్రాన్ని చీల్చాడు. విదేశీ వస్తు బహిష్కారం మొదలైంది. ఊరేగింపుల్లో తిరిగే విద్యార్థుల మీద, వాళ్లను అదుపు చేయని బడుల మీద చర్య తీసుకుంటామని సర్కారు తాఖీదు పంపింది. ఆ బెదిరింపే అసలు పనికి పురిగొల్పింది. మీ బడి మాకొద్దు, మా బడి మేం పెట్టుకుంటాం అన్న పట్టుదల బెంగాలులో పుట్టింది.

అయితే ఎలాంటి బడి? ఇక్కడే పెద్దలు రెండుగా చీలారు. సతీశ్ చంద్ర ముఖర్జీ వంటి వారిది ఒక పక్షం. సాహిత్యం, శాస్త్రం, వృత్తివిద్య మూడూ కలిసి ఉండాలి, సర్కారు విశ్వవిద్యాలయానికి పూర్తిగా ప్రత్యామ్నాయం కావాలి అన్నది వారి వాదం. సుబోధ్ చంద్ర మల్లిక్ లక్ష రూపాయలు ప్రకటిస్తే జనం ఆయనను రాజా అని పిలవడం మొదలెట్టారు. 1906 మార్చిలో జాతీయ విద్యా మండలి ఏర్పడింది. దాని కింద నడిచిన కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అరవింద ఘోష్.

రెండో పక్షానికి పెద్ద తారక్‌నాథ్ పాలిత్ అనే బారిస్టరు. ఆయన వాదం వేరు. విశ్వవిద్యాలయంతో తగువెందుకు? కవిత్వం, తర్కం అక్కడ బాగానే చెబుతున్నారు. అక్కడ లేనిది యంత్ర విద్య. అదొక్కటే మనం నేర్పుదాం. అలా అదే 1906లో సాంకేతిక విద్యను పెంపొందించే సంఘం ఒకటి విడిగా పుట్టింది. జులైలో బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటు తెరుచుకుంది. ఇంజనీరింగు విద్య కోసమే మన దేశీయులు డబ్బు పోగేసి పెట్టుకున్న తొలి సంఘాల్లో అదొకటి.

ఒకే నగరంలో, ఒకే సంవత్సరంలో, ఒకే ఆవేశంలోంచి పుట్టిన రెండు సంఘాలు నాలుగేళ్లు పక్కపక్కనే, ఎడమొహం పెడమొహంగా నడిచాయి. ఒకరి దృష్టిలో రెండోవారు సర్కారుకు వంగినవారు. రెండోవారి దృష్టిలో మొదటివారు గాలిలో మేడలు కట్టేవారు. పిల్లలు మాత్రం తమ తీర్పు తాము చెప్పారు. అరవిందుడి కళాశాల తరగతులు పలచబడుతూ వచ్చాయి. పాలిత్ యంత్రశాలకు చేరేవాళ్లు తగ్గలేదు. 1910లో రెండు సంఘాలూ కలిసిపోయాయి.

బిపిన్ చంద్రపాల్ వచ్చిన వేసవి

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర జిల్లాల మీదుగా మద్రాసుకు బయల్దేరారు. విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు. ఈ పర్యటన వెనుక ఉన్న మనిషి ముట్నూరి కృష్ణారావు. దివిసీమ మనిషి. బందరులో కృష్ణాపత్రిక సంపాదకత్వం చేపట్టింది ఆ ఏడే.

రాజమండ్రిలో పాల్ ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. పాల్ ఊరు దాటీ దాటకముందే రాజమండ్రి కాలేజీలో నిప్పు రాజుకుంది. వందేమాతరం బిళ్లలు పెట్టుకొచ్చిన విద్యార్థులపై ప్రిన్సిపాలు మార్క్ హంటర్ విరుచుకుపడ్డాడు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నారు. సర్కారీ కాలేజీ నుంచి గెంటేస్తే పిల్లవాడు ఎక్కడికి పోవాలి? బెంగాలు పిల్లలకు రెండేళ్ల కిందట ఎదురైన ఈ ప్రశ్నే ఇప్పుడు గోదావరి గట్టున నిలబడింది.

దానికి జవాబు బందరులో తయారైంది. ముగ్గురు మిత్రులు. ముగ్గురూ నోబుల్ కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడి శిష్యులు. ముట్నూరి కృష్ణారావు కలం మనిషి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు, అంకెలతో మాట్లాడే మనిషి. మూడోవారు కోపల్లె హనుమంతరావు. ఎం.ఏ., బి.ఎల్. చదివారు. నల్ల కోటు తొడుక్కుని కోర్టుకు వెళ్తే ఊళ్లో ఇంకో పెద్ద ప్లీడరు తయారయ్యేవారు. ఆ దారి వదిలేసి జాతీయ విద్యకు తన జీవితం రాసిచ్చారు.

ముగ్గురి స్వభావాలూ మూడు దిక్కులు. కృష్ణారావుకు జాతీయ విద్య అంటే ముందు కళ, సంస్కృతి. పట్టాభికి ముందు వ్యాపారం, పరిశ్రమ. హనుమంతరావుకు ముందు బడి గంట వేళకు మోగాలి, నెలాఖరుకు ఉపాధ్యాయుల జీతాలు అందాలి. ఇంత తేడా ఉన్నవాళ్లు ఒక సంస్థను నడపగలిగారంటే, ఎవరి పని వారు చేసుకుని రోజువారీ బరువు హనుమంతరావు భుజాన పెట్టడం వల్లే.

జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడింది. చందాలు పోగయ్యాయి. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల బందరులో తెరుచుకుంది. కలకత్తాలో రెండు సంఘాలు విడిగా ఉండి చేయలేకపోయినదాన్ని కలిసి చేద్దామనుకున్న ఏడే బందరులో ఒకే కప్పు కింద అదే ప్రయత్నం మొదలవడం యాదృచ్ఛికమే. కాని ఉద్దేశం ఒకటే. పుస్తకం, పనిముట్టు ఒకే పిల్లవాడి చేతిలో ఉండాలి.

పుస్తకం, ఉలి

కలకత్తాకు లక్షలిచ్చే జమీందార్లు, బారిస్టర్లు ఉన్నారు. బందరుకు ఉన్నది ప్లీడర్లు, రైతులు, చిన్న వ్యాపారులు. సర్కారు గ్రాంటు తీసుకోకూడదన్నది నియమం. తీసుకుంటే ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఆయన వెంట పాఠ్యపుస్తకమూ వస్తుంది. అందుకని హనుమంతరావు ఊరూరా తిరిగారు. 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు పడింది కాబట్టి రాకపోకలు కొంత సులువయ్యాయి. రైలు లేని పల్లెలకు కాలువ పడవే గతి. పంట చేతికొచ్చిన నెలల్లో చందా పలికినట్టు వానాకాలంలో పలకదు. ఇంజనీరింగు విద్య నడవాలంటే ఖర్చు మామూలు బడికన్నా ఎక్కువ. పలక, బలపం ఒకసారి కొంటే చాలు. ఉలి అరుగుతుంది, ఇనుము కరుగుతుంది, కలప చెక్కుడు ముక్కలవుతుంది. పిల్లవాడు పాడుచేసిన ప్రతి ముక్కా చందాదారుడి అణాయే.

కళాశాలలో మామూలు చదువుతో పాటు యంత్రాల పని, వడ్రంగం, నేత, అద్దకం, చిత్రలేఖనం చోటు చేసుకున్నాయి. ఇది పైకి చిన్న మార్పులా కనిపిస్తుంది. ఆనాటి బందరు ఇంట్లో కూర్చుని చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. పౌరోహిత్యం చేసే ఇంటి పిల్లవాడు బాడిస పట్టుకోవడమా అని బామ్మ ముక్కున వేలేసుకుంటుంది. కరణం గారికి తన కొడుకు లెక్కలు రాయాలి, ఇనుము సాగదీయకూడదు. వడ్రంగి ఇంట్లో అనుమానం ఇంకో రకం. మావాడికి ఈ పని పుట్టుకతోనే వచ్చు, దీనికి జీతం కట్టి బడికి పంపడమెందుకు? ఒకరికి పని చేస్తే మైల, ఇంకొకరికి అదే పని నేర్చుకోవడం దండగ. ఈ రెండు ఇళ్ల పిల్లల్నీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టాలనుకోవడంలోనే ఆ కళాశాల సాహసం ఉంది.

అధ్యాపకుల్లో పింగళి వెంకయ్య ఒకరు. బందరు దగ్గరి భట్లపెనుమర్రు ఆయన ఊరు. దక్షిణాఫ్రికా యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చారు. పత్తి మీద చేసిన పరిశోధనకు జనం పత్తి వెంకయ్య అన్నారు. జపాను భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య అన్నారు. రష్యాను ఓడించిన జపాను ఆనాటి యువకులందరికీ ఒక పాఠం. ఆసియా దేశం యంత్రాలు చేయగలదు, చేసి గెలవగలదు. ఆ పాఠం వెంకయ్య లాంటి మనిషి నోట వింటే పిల్లలకు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 1916లో ఆయన దేశానికొక జెండా కావాలంటూ నమూనాలతో పుస్తకం వేసిందీ ఈ రోజుల్లోనే.

ముద్ర ఖరీదు

కళాశాలకు గురువులు దొరికారు. పిల్లలు దొరికారు. తంటాలు పడి డబ్బూ దొరికింది. చివరిదాకా దొరకనిది సర్కారు ముద్ర.

కాలువ మీద ఓవర్సీరు కావాలన్నా, రైల్వేలో మెకానిక్కు కావాలన్నా పట్టా అడుగుతారు. ఆ పట్టా మీద మద్రాసు సర్కారు ముద్ర ఉండాలి. జాతీయ కళాశాల ఇచ్చే పత్రం ఎంత గొప్ప చేతి సంతకంతో ఉన్నా ఆ శాఖలో చెల్లదు. ప్రైవేటు కర్మాగారాలుంటే వాళ్లు ముద్ర చూడకుండా పనితనం చూసి తీసుకునేవారు. కలకత్తాలో అలాంటివి వందలు. హుగ్లీ పొడవునా జనపనార మిల్లులు, ఓడల మరమ్మతు దొడ్లు. డెల్టాలో ఏముంది? వరి మిల్లులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. యంత్రాలకు పెద్ద యజమాని పబ్లిక్ వర్క్స్ శాఖే. దాని తలుపు మూసి ఉంది.

అంచేత కన్నవాళ్ల లెక్క సులువు. దేశభక్తి మీద గౌరవముంది, చందా ఇస్తారు, సభకొచ్చి చప్పట్లు కొడతారు. కొడుకును మాత్రం నోబుల్ కాలేజీకి పంపుతారు. ఇందులో కపటం వెతకనక్కర్లేదు. పొలం తాకట్టు పెట్టి చదివించే ఇంట్లో ముద్ర ఖరీదు తెలిసినవాళ్లే ఉంటారు. కళాశాల పెట్టినవాళ్లకు కూడా ఇది తెలుసు. పరిశ్రమ లేనిచోట పరిశ్రమ విద్య ఎలా నిలబడుతుందన్న చిక్కు వారిని వదల్లేదు. పట్టాభి బ్యాంకులు, బీమా అంటూ తిరగడానికి ఇదీ ఒక కారణం అనుకోవచ్చు. చదువుకున్నవాడు దుకాణమో కర్మాగారమో పెట్టుకోవాలంటే అప్పిచ్చే చోటుండాలి. 1923లో ఆయన బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు.

కలకత్తాలోనూ ముద్ర మహిమ తక్కువేం కాదు. విడి సంఘం పెట్టి యంత్ర విద్యను నిలబెట్టిన తారక్‌నాథ్ పాలిత్ 1912లో తన ఆస్తిలో పెద్ద భాగాన్ని సైన్సు కళాశాల కోసం కలకత్తా విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఏ సర్కారు విశ్వవిద్యాలయానికి ఎదురుగా జాతీయ విద్య లేచిందో, దానికే. ఆ విశ్వవిద్యాలయాన్ని నడుపుతున్న అశుతోష్ ముఖర్జీ ఆయన డబ్బుకు, ఆయన ఆశయానికి చోటు చూపించగలిగారు.

చరఖా వచ్చిన ఏడాది

1921 మార్చి 31, ఏప్రిల్ 1. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల చరఖాలు అని తీర్మానం. పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీజీ చేతికి వెళ్లింది అక్కడే. ఆ నెలలోనే గాంధీజీ యంగ్ ఇండియాలో జెండా గురించి రాస్తూ, వెంకయ్యను బందరు జాతీయ కళాశాల మనిషిగానే పరిచయం చేశారు. దేశమంతా ఆ కళాశాల పేరు చదివింది.

సహాయ నిరాకరణతో సర్కారీ బడులు వదిలేసిన పిల్లలకు జాతీయ కళాశాలలు దారి చూపాలి. పదకొండేళ్ల కిందట పెట్టిన బడికి ఇది సంబరపడాల్సిన సమయం. కాని గాలి మారిన దిక్కును గమనించాలి. 1906 నాటి స్వదేశీ కల పెద్ద యంత్రం. మాంచెస్టరుకు మన మిల్లుతో జవాబు చెప్పాలి. 1921 నాటి స్వదేశీ కల చరఖా. మిల్లు ఎవరిదైనా మిల్లే. యంత్ర విద్య నేర్పాలని పుట్టిన సంస్థ ముందు ఇప్పుడు రాట్నం నిలబడింది. వడకడం, నేయడం అక్కడి పనిలో పెద్ద పీట వేసుకున్నాయి. లేచి నిలబడలేకపోతున్న ఇంజనీరింగు పక్క ఇంకొంచెం వెనక్కి జరిగింది. అటు కలకత్తా సంస్థ మాత్రం అదే 1921 ప్రాంతంలో కెమికల్ ఇంజనీరింగు మొదలెట్టి, జాదవ్‌పూర్‌కు మారి, 1955లో విశ్వవిద్యాలయంగా నిలిచింది. ఒకే విత్తనం, రెండు నేలలు.

1922లో కోపల్లె హనుమంతరావు చనిపోయారు. నిండా నలభై అయిదేళ్లు లేవు. కళాశాలకు బరువు మోసే భుజం అదే కాబట్టి, ఆ లోటు డబ్బుతోనో సభలతోనో పూడేది కాదు. ఆ తర్వాత కళాశాలకు పేరు తెచ్చింది ముట్నూరి వారి కల. బెంగాలు నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు లాంటి వారు కుంచె పట్టారు. బాపిరాజు 1934 నుంచి కొన్నేళ్లు ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా పనిచేశారు. తెలుగు చిత్రకళ చరిత్రలో బందరు పేరు అలా స్థిరపడింది. తెలుగు ఇంజనీరింగు చరిత్రలో ఆ పేరు అదే వరుసలో రావలసింది, రాలేదు.

కారణం పరిషత్తు చేతకానితనం అనుకుంటే పొరపాటు. సర్కారు తలచుకున్నాక కూడా ఎంత కాలం పట్టిందో చూడండి. నిజాం రాజ్యంలో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో వచ్చింది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు, విశాఖపట్నంలో మొదలై కాకినాడకు మారిన తొలి ఇంజనీరింగు కళాశాల 1946లో వచ్చింది. బందరు ప్రయత్నం తర్వాత 36 ఏళ్లకు. ఆలోపు కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు వంటి మన జిల్లా మేధావి కూడా గిండీ దారే పట్టాల్సి వచ్చింది.

ముద్ర చిక్కును ఇంకో దారిలో విప్పుకున్నది వృత్తి సంఘం. 1920లో మద్రాసులో ఇంజనీర్ల సంస్థ నమోదైంది. 1935లో దానికి రాజపత్రం దక్కింది. తర్వాతి దశాబ్దాల్లో పని చేసుకుంటూనే ఆ సంస్థ పరీక్షలు రాసి ఇంజనీరు అనిపించుకునే వీలు ఎందరో ఓవర్సీర్లకు, డ్రాఫ్ట్స్‌మెన్‌లకు వచ్చింది. 1941లో సాంకేతిక విద్యాసంస్థల ప్రిన్సిపాళ్లు ఒక సంఘం కట్టుకున్నారు. అదే 1968లో భారత సాంకేతిక విద్యా సంఘం అయింది. పాఠం ఎలా చెప్పాలి, పంతులుకు ఏం తెలిసి ఉండాలి అన్న చర్చ అక్కడ జరుగుతుంది. జాతీయ విద్యా పరిషత్తు వీధుల్లో చందా అడుగుతూ లేవనెత్తిన ప్రశ్నలే అవి. తేడా ఏమిటంటే, ఇంజనీర్ల సంస్థ పత్రాన్ని సర్కారు చెల్లుబాటు చేసింది.

ఇప్పుడు గుడివాడ, గుడ్లవల్లేరు, బందరు దారుల్లో ఇంజనీరింగు కళాశాలల బస్సులు తిరుగుతున్నాయి. ముద్రకు కరువు లేదు. ముద్ర ఉన్నా చేతికి పని రావడం లేదన్న ఫిర్యాదు ఇప్పటిది. 1910 నాటి చిక్కు దీనికి సరిగ్గా తలకిందులు. పుస్తకం, ఉలి ఒకే చేతిలో ఉండాలన్న హనుమంతరావు పట్టుదల అందుకే పాతబడలేదు.

పరిశ్రమ లేనిచోట ఇంజనీరింగు చదువు నిలబడదని ఈ భాగంలో చూశాం. మరి చదువు నిలబడని చోట పరిశ్రమ పుట్టగలదా? పుట్టింది. అదీ బందరులోనే. కాలేజీ ప్రయోగశాలల్లో వాడే పరికరాలన్నీ ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో దిగుతున్న రోజుల్లో, 1926లో అయ్యగారి రామమూర్తి వాటిని ఇక్కడే తయారు చేస్తానని ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టారు. సముద్రపు ఉప్పుగాలి కొట్టే ఊళ్లో కటకాలు అరగదీసే పనివాళ్లు ఎలా తయారయ్యారు? రేవు పోయిన పట్నంలో మొదలైన ఆ సంస్థ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి ఎందుకు వెళ్లింది? వచ్చే భాగంలో ఆ కార్ఖానా గేటు దాటి లోపలికి వెళ్దాం.